సరళవనములో జంటగొట్టములు

మా యింట నొక తుపాకి కలదు. ఈ మాట వినగానే సోదరీమణులు మమ్ము జమీందారుల యింటివారమనియో, వేటకాండ్రమనియో తలపవలదు. మా వారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. మేము తండ్రిగారి యొద్ద నింటనే కూర్చుండి భారత భాగవతములు చదువుకొన్నవారము. ఆ తుపాకి మా మామగారిది. ఏలూరు జిల్లా మెట్టసీమలో ఆయనకు మొక్కజొన్న, చెఱకు సేద్యముండెడిది. అడవిపందులు రాత్రికి రాత్రి వచ్చి చేనంతయు దున్నిపోవుచుండగా ఆ బాధ పడలేక, అప్పటికే పాతబడిన జంటగొట్టముల తుపాకి నొకదానిని కొని లైసెన్సు తెచ్చుకొనిరి. పోలీసువారి కాగితములలో దాని పేరు ‘డి.బి.బి.ఎల్. గన్’. మా యత్తగారు మాత్రము దానిని ‘జోడు’ అందురు. మేము క్రొత్తకోడలుగా వచ్చిన దినములలో ఒకనాడు ఆమె “అమ్మాయీ, మీ మామగారి జోడు తుడిచి పెట్టు” అనగా, మేము వీధిగుమ్మము కడకు పోయి ఆయన చెప్పులు శుభ్రముగా తుడిచి పెట్టితిమి. ఆ కథ చెప్పుకొని మా యింటివారు నేటికిని నవ్వుదురు.

మామగారు గతించి ఆఱేండ్లయినది. లైసెన్సు మా వారి పేరికి మాఱినది. పొలము కౌలున కిచ్చితిమి. అది యిప్పుడు ఆయిల్‌పాము తోట. పందులను కాచుకొను పని మాకు లేదు. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల తుపాకిని ఠాణాలో నప్పగించి రసీదు పుచ్చుకొనుట, అవి ముగిసిన పిదప మరల పోయి తెచ్చుకొనుట మాత్రము తప్పలేదు. గోనెపట్టా చుట్టిన తుపాకిని చంకనిడుకొని మా వారు బజారువెంట పోవుచుండగా, ఆయన శిష్యులు అరుగులపైనుండి లేచి నమస్కరింతురు. ఆయనకు తల యెత్తుకొన సిగ్గు. ఈ యేడు లైసెన్సు గడువు తీరనున్నది. అమెరికాలో నున్న మా మఱది “ఆ తుపాకి మనకెందుకు? ప్రభుత్వానికి అప్పగించెయ్యి, అన్నయ్యా” అని రెండుమూడు సారులు ఫోనులో చెప్పియుండెను. మా వారికిని ఆ యాలోచన సమ్మతమే. మా యత్తగారు అవునని గాని, కాదని గాని యనలేదు. దసరాలో ఆయుధపూజనాడు పెట్టె తీసి, గొట్టములకు నూనె రాచి, కుంకుమబొట్టు పెట్టి, మూత వేసిరి. ఆ మౌనము మాకు బాగుగా నర్థమైనది. అన్నదమ్ము లిరువురును కలిసికొన్నప్పుడు తేల్చుకొందుముగాక యని యూరకుంటిమి.

వేసవి సెలవు లీయగానే, మఱది పంపిన టిక్కెట్లతో ఉత్తర కరోలినా రాష్ట్రమున కేరీ యను పట్టణమునకు పోయితిమి. విమానప్రయాణమును వర్ణింపము, కాళ్లు చాపుకొనుటకు చోటులేని యా నిద్ర నెఱిగిన సోదరీమణులు నేడు మెండుగానే యున్నారు. కేరీలో తెలుగువా రెక్కువ. అచట వేంకటేశ్వరస్వామి యాలయము 2009లో ప్రతిష్ఠితమైనది. 2022లో దానికి 87 అడుగుల రాజగోపురము లేచినది. ఊరిచుట్టును సరళవృక్షములు. కాళిదాసు హిమవంతమున వర్ణించిన సరళవృక్షములకు ఇవి దాయాదులు. దక్షిణముగా పోయినకొలది వీనిలో నొకజాతి కానవచ్చును; సూదులవంటి దాని యాకులు ఒక్కొక్కటి అడుగు పొడవున కుచ్చులుగా వ్రేలాడుచుండును. వసంతమున వీని పుప్పొడి రాలి కారులపైనను, అరుగులపైనను పసుపు జల్లినట్లుండునట. మేము పోవునప్పటికి అది తగ్గుముఖము పట్టినను, గడపలయందు పసుపు మిగిలియే యుండెను. తెల్లవారి లేచి చూచునప్పటికి మా కన్నులకు ఆ గడపలు శుభముగా తోచినవి.

మా మఱది కూతురు ఎనిమిదేండ్ల పిల్ల. పెదనాన్నగారు మాష్టారని విని, తన బడి కబుర్లన్నియు ఆయనకే చెప్పెను. చెప్పుచు చెప్పుచు నొకమాట యనెను: వారి బడిలో అప్పుడప్పుడు దీపము లార్పి, తలుపు గడియ వేసి, పిల్లలందఱును ఒక మూలను చప్పుడు చేయక కూర్చుండుట యలవాటు చేయింతురట.

“ఎందుకమ్మా?” అని మా వారడిగిరి.

“తుపాకి మనిషి వస్తే, పెదనాన్నా” అని యా పిల్ల, వర్షము వచ్చిన గొడుగు వేసికొందుమన్నంత తేలికగా చెప్పి యాడుకొనుటకు పోయెను.

మా వా రాపూట అన్నము సరిగా తినలేదు. ఇరువది యేండ్లుగా బడిలో నున్నవారు. పిల్లలచేత గుణింతములు దిద్దించిరి, పద్యములు వల్లె వేయించిరి గాని, చప్పుడు చేయక దాగియుండుట నేర్పవలసి రాలేదు. మా మఱది “ఇది చూసే నేను చెప్పింది, అన్నయ్యా” అనెను. ఆ రాత్రితో మా యింటి తుపాకి సంగతి తేలిపోయినదనియే మేము తలచితిమి.

అయితే మా మఱది యింటి ప్రక్కన వృద్ధదంపతులు కలరు. పెద్దాయన కొయ్యపని యెఱిగినవాడు. ఆయన భార్యకు డెబ్బదేండ్లు దాటినవి. మాటలలో మా యింటి తుపాకి ప్రస్తావన రాగా, ఆమె “రెండు గొట్టములు ప్రక్కప్రక్కన నుండునా? ఒకదానిపై నొకటి యుండునా?” అని యడిగెను. ప్రక్కప్రక్కనే యని మా మఱది చెప్పగా ఆమె ముఖము వికసించెను. ఆ శనివారము తాము శాన్‌ఫోర్డు పట్టణము దరి నొక మైదానమునకు పోవుచున్నామనియు, అచ్చట మట్టిపిట్టలను మాత్రమే కొట్టుదురనియు, ఏ ప్రాణికిని హాని లేదనియు చెప్పి మమ్ము పిలిచిరి. మా మఱదికి మనసు లేదు. పెద్దల మాట కాదనలేక కారు తీసెను. పిల్లను తల్లికడనే యుంచితిమి.

కేరీనుండి శాన్‌ఫోర్డు గంటలోపు ప్రయాణము. ఆ నేల చూచి మేము నివ్వెఱపడితిమి. మా మెట్టసీమ నేలవలెనే యెఱ్ఱని నేల! తడిసినచోట కుంకుమరంగు. ఆ మట్టితో తరతరములుగా ఇటుకలు కాల్చుటచేత ఆ యూరికి అమెరికాకు ఇటుకల రాజధాని యను బిరుదము వచ్చినది. ఇటుకలకు పేరుపడిన యూరిలో మట్టిపిట్టలు పగులుట చూడబోవుట మాకు వింతగా నుండెను. ఆ పిట్టలలో నిప్పుడు మట్టి లేదని తరువాత తెలిసినది.

సంగతి యిది. పూర్వము ఇంగ్లండు, అమెరికా దేశములలో పందెములకై పావురములను పెట్టెలలో బంధించి, వానిని వదలి, ఎగురుచుండగా కొట్టెడివారు. 1900 సంవత్సరమున పారిసు ఒలింపిక్సులో కూడ నీ ఘోరము జరిగినది. బంధించి వదలిన పక్షులను కొట్టుటను ఇంగ్లండులో 1921 శాసనముచే నిషేధించిరి. దానికి చాల ముందే, 1880లో, సిన్సినాటి పురమున లిగౌస్కీ యనునతడు పావురమునకు బదులు మట్టిబిళ్లను కనిపెట్టెను. మన పిల్లలు చెఱువునీటిపై పెంకులు విసరి గంతులు వేయింతురు గదా, అట్టి యాట చూచియే అతనికి ఈ యూహ తట్టినదందురు. మొదట మట్టితో చేసి కాల్చిన బిళ్లలు మరీ గట్టిపడి, గుండ్లు తగిలినను పగులక ఖంగున మ్రోగెడివట. పిదప సున్నపుఱాతి పొడిని, కీలును కలిపి పోతపోయ నేర్చిరి. నేటి బిళ్ల దీపపుప్రమిదను బోర్లించినట్లుండును. అడ్డము 4 అంగుళములకు కొంచెము మించును, బరువు సుమారు 105 గ్రాములు. యంత్రము దానిని వడిగా గిరగిర త్రిప్పి విసరును. మట్టి పోయినను పేరు మట్టిపావురమే. కొట్టినవాడు పగులగొట్టిన లెక్క వ్రాయువాడు ‘చచ్చినది’ అనును. తప్పిన ‘పోయినది’ అనును.

మాకు వెంటనే ఆదిపర్వము జ్ఞప్తికి వచ్చెను. ద్రోణాచార్యులు శిష్యులను పరీక్షించుటకు చెట్టుకొమ్మపై నుంచినది నిజమైన పక్షి కాదు. శిల్పులచేత చేయించిన కృత్రిమపక్షి. దాని తలను మాత్రమే చూచితినని యర్జునుడనెను. ప్రాణమున్న పక్షి నుంచిన నేమి? ఉంచలేదు గదా! క్రౌంచపక్షి నేలగూలినపుడు వాల్మీకి కడుపులో పుట్టిన శోకమునకు ఇచ్చట చోటు లేదు. ఈ మాట మా వారితో ననగా ఆయన “ద్రోణుడు ఆ తరువాత నేర్పినదంతయు దేనికి పనికి వచ్చినదో అదియు జ్ఞప్తికి తెచ్చుకొనుము” అనిరి. ఆయన ముందటి రాత్రి మాట మఱువలేదు.

మైదాన మనగా విశాలమైన బయలు కాదు. సరళవృక్షముల నడుమ కాలిబాట. బాటవెంట కొంతకొంత దూరమున కొయ్యతో కట్టిన నిలువుచోటులు. ఒక్కొక్కచోట పిట్టలు ఒక్కొక్క తీరున లేచును. ఒకటి బాతువలె పైకెగయును. మఱియొకటి కుందేలువలె నేలపై దొర్లిపోవును. ఒకచోట రెండును ఒక్కసారి లేచును. ఇంకొకచోట మొదటి ప్రేలుడు వినబడినంతనే రెండవది లేచును. అందఱును చెవులకు మూతలు, కన్నులకు అద్దములు ధరింపవలెను. నడచునప్పుడు తుపాకి నడుమ విఱిచి తెఱచియే యుండవలెను. తూటా లేదని పదిమందికి కనబడవలెనని నియమము. మూసిన తుపాకితో నొకడు నాలుగడుగులు వేయగా, తెల్లగడ్డపు పెద్దమనిషి యొకడు వానిని నిలువరించి యందఱియెదుట మందలించెను. మా మఱది యది చూచి కొంత స్థిమితపడెను.

ఇక తుపాకుల సంగతి. నేడు ఈ యాటలో గెలుపు కోరువారు చేతబట్టునది గొట్టముపై గొట్టమున్న తుపాకి. 1931లో, తాను గతించిన అయిదేండ్లకు, బ్రౌనింగు చేసిన యట్టి తుపాకి అమ్మకమునకు వచ్చినది మొదలు సామాన్యులకును అది దొరకసాగినది. దాని పైగొట్టము కంటియెదుట నొక్కటే గీతవలె నుండును గనుక గుఱి తేట. క్రిందిగొట్టము భుజమునకు సూటిగా నెట్టును గనుక తుపాకి పైకెగురదు. బరువెక్కువ గనుక త్రిప్పినత్రోవను నిలుకడగా పోవును. ఒలింపిక్సువారందఱి చేతులలోను అదియే. 2023లో జరిగిన ఆసియాక్రీడలలో మన దేశపు జట్టు ట్రాపు పందెమున స్వర్ణము గెలిచినపుడు, ఆ ముగ్గురిలో నొకడు హైదరాబాదు వాడగు కైనాన్ చెనాయ్ అని మా మఱది చెప్పెను. తుపాకులన్న గిట్టని మా మఱదికి ఈ సంగతి తెలిసియుండుట చూచి మేము లోలోన నవ్వుకొంటిమి.

అట్లయిన ఆ మైదానమున నున్నవారందఱును, గెలుపునకు పనికివచ్చు తుపాకిని విడిచి, ప్రక్కప్రక్క గొట్టములదానిని పట్టుకొని తిరుగుట యేల? ప్రతివసంతమునను ఆ తుపాకులవారే వేఱుగా కూడి పందెములాడుకొందురట. బల్లలపై వఱుసగా పాతతుపాకులు పఱచి యుండెను. మా మామగారి తుపాకివంటివి పదులకొలది యొక్కచోట చూచుట, తప్పిపోయిన చుట్టమునకు ఊరినిండ చుట్టములున్నారని తెలిసినట్లుండెను. వానిలో చాలభాగము చేసిన కర్మాగారములు మూతబడి యెన్నియో యేండ్లయినది. కనెక్టికటు రాష్ట్రమున మెరిడెనులో పార్కరు కంపెనీ తుపాకి మిక్కిలి ప్రసిద్ధము. ఆ పార్కరు తుపాకులకు ముందు చేసినవి కాఫీగింజలు విసరు మరలు! ఎల్.సి. స్మిత్తు పేరి తుపాకులును చూచితిమి. ఆ స్మిత్తు తుపాకుల వ్యాపారమమ్మివేసి టైపురైటర్లు చేయుటకు దిగెను. ఆ వంశపు టైపురైటరుపైననే మనదేశమున నెందఱో గుమాస్తాలు వ్రేళ్లరుగ కొట్టియుందురు. తూటావైపు వెడల్పును 12 బోరు అనుట యెందుకో కూడ నచ్చటనే తెలిసినది. ఒక పౌను సీసమును సమముగా 12 ఉండలు చేసిన, ఒక్కొక్క యుండ పట్టునంత గొట్టము 12 బోరు. 20 ఉండలు చేసిన 20 బోరు. అంకె పెరిగినకొలది గొట్టము సన్నము. లడ్డూలు చుట్టిన చేతులకు ఈ లెక్క తేలిక. మా వారికే రెండుసారులు చెప్పవలసి వచ్చినది.

కొన్ని పాత గొట్టములపై పట్టుచీర అంచువలె మెలికలు మెలికలుగా నల్లని తెల్లని గీతలున్నవి. వానిని డమాస్కసు గొట్టములందురు. ఇనుపకడ్డీలను, ఉక్కుకడ్డీలను మెలిపెట్టి, పట్టీగా సాగగొట్టి, కమ్మిచుట్టును చుట్టి అతికినవి. ఆ పేరు వినగానే మా వారు, నిజామాబాదు జిల్లా కోనసముద్రములో పూర్వము మూసలలో ఉక్కు కరగించెడివారనియు, దానికై పర్షియా వర్తకులు వచ్చెడివారనియు, ఆ జాతి ఉక్కుతోనే డమాస్కసు కత్తులు పుట్టినవనియు చెప్పిరి. పేరొకటే గాని పని వేఱు. ఈ గొట్టములు మెలిపెట్టి అతికినవి, ఆ యుక్కు మూసలో పోసినది. అయినను, సముద్రములకవతల నొక బల్లయొద్ద నిలిచి తెలంగాణపు కుగ్రామము పేరు చెప్పుకొనుట మాకు గర్వముగానే యుండెను.

ఆ బల్లల వెనుక నున్న వృద్ధుడొకడు మా యింటి తుపాకి గుఱించి విని, ఇంగ్లండులో చేసినదైన గొట్టములు విప్పి, క్రిందిభాగమున తూటా పెట్టుకొనకు దగ్గఱగా చూడుమని చెప్పెను. బర్మింగ్‌హాములో 1813లో, తుపాకులు చేయువారే కోరి పార్లమెంటుచేత పరీక్షాశాల నేర్పఱచుకొనిరట. అచ్చట ప్రతిగొట్టమును మామూలుకంటె నెక్కువ మందు కూరి ప్రేల్చి, ఆగిన దానిపై కిరీటముద్ర కొట్టుదురు. వజ్రాకారపు గీతలలో బోరు అంకె యుండును. దాని ప్రక్కన తూటాగది పొడవుకూడ అంకెలలో నున్న 1925 తరువాతిది. “అది రెండున్నర అంగుళము లైన, నేటి రెండుముప్పాతిక అంగుళముల తూటాలు దానిలో పెట్టకుడు, పాత గొట్టము తాళకపోవచ్చును” అని గట్టిగా చెప్పెను. పాత తుపాకులున్న యిండ్లవారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

పొరుగింటి పెద్దమ్మ తుపాకి ఫిలడెల్ఫియాలో ఫాక్సు కంపెనీ చేసినది. రూజ్‌వెల్టు 1909లో ఆఫ్రికాకు పట్టుకొనిపోయినది ఆ కంపెనీ తుపాకియే గాని, ఆయనది చిత్రపుపని చేసినది; ఈమెది అతిసామాన్యమైన, చౌకరకము. ఆమె తండ్రి పొగాకు రైతు. పండ్రెండేండ్లు నిండిన కూతురునకు తుపాకి నేర్పదలచి, మడమకఱ్ఱ పొడవెక్కువగుటచేత దానిని రెండంగుళములు కోసెనట. కోసిన ముక్కను పాఱవేయక బల్లసొరుగులో దాచెనట. ఆమె పెరిగి పెద్దదైన పిమ్మట ఆ ముక్కనే మరల అతికెను. ఆ యతుకుగీత యిప్పటికిని వెండ్రుకవాసి సన్నముగా కనబడుచున్నది. కఱ్ఱపై చెంప యానుచోట మెఱుగు పోయి నునుపు తేలినది. ఆ నునుపులో సగము తండ్రిది, సగము తనది యని యామె చెప్పెను.

ఆమె కొట్టుట చూచితిమి. తుపాకి తేలిక, మూడు కిలోగ్రాములకు స్వల్పముగా మించును. ఆమె నిలుచుండి, పిట్టవచ్చు త్రోవను ఒకసారి చూచి, తుపాకిని భుజమున కెత్తుటయు ప్రేల్చుటయు ఒకటే కదలికగా చేసెను. ఆ తుపాకికి మీటలు రెండు: ముందుది కుడిగొట్టమునకు, వెనుకది ఎడమగొట్టమునకు. కుడిగొట్టము గుండ్లను విప్పారజల్లును. ఎడమగొట్టము కొన బిగించియుండుటచే దూరము కట్టుగా పంపును. దగ్గఱి పిట్టకు ముందుమీట, దూరపు పిట్టకు వెనుకమీట. ఏది కావలెనో వ్రేలికే తెలియవలెను. గొట్టములు కాలుటచే ఎడమచేతికి తోలుతొడుగు వేసికొనును. తెఱచునప్పుడు కొంచెము వంచిన చాలును, తూటాలు పెట్టుకొనవచ్చును. గొట్టముపై గొట్టమైన చాల వంచవలెను. మూసినపుడు భోషాణపు మూత పడినట్టు మెత్తని చప్పుడు. నూఱు పిట్టలలో తాను నలువదియో ఏబదియో కొట్టుదుననియు, తన మనుమని క్రొత్తతుపాకితోనైన డెబ్బది దాటగలననియు ఆమెయే చెప్పెను. “మఱి దానితోనే కొట్టరాదా?” అని మేము మఱదిచే నడిగించితిమి. ఆమె నవ్వి, తన యింట వంటపొయ్యి విద్యుత్తుదేయనియు, అయినను తల్లి యిచ్చిన యినుపమూకుడులోనే రొట్టె కాల్తుననియు చెప్పెను. ఆ సమాధానము మాకు తేటపడినంతగా మా వారికి తేటపడలేదు.

మా వారు నాలుగు పిట్టలకు కాల్చి నాలుగును తప్పిరి. మేమును కాల్చితిమి, చెప్పుటకు సిగ్గేమి? చీరచెంగు నడుమున దోపి, పెద్దమ్మ భుజము సరిదిద్దగా, మొదటిది తప్పితిమి. రెండవ పిట్ట అంచు చిటికెడు రాలినది. చిటికెడైనను కంటికి కనబడిన లెక్కయేనట! లెక్కవాడు ‘చచ్చినది’ అని కేకవేసెను. భుజము మూడు దినములు నొచ్చినది. మా మఱది తుపాకి ముట్టుకొనలేదు. వదినగారి ఘనతను ఫోనులో చిత్రించెను.

తిరుగుత్రోవలో వారు మమ్ము పైన్‌హర్స్టునకు కొనిపోయిరి. నేడు ఆ యూరిపేరు చెప్పిన గోల్ఫాటయే తలపునకు వచ్చును. కాని 1915 తరువాత కొన్ని శీతకాలములు ఆనీ ఓక్లీ యను స్త్రీ ఆ సరళవనములలో నివసించి, ఎందఱో స్త్రీలకు తుపాకి నేర్పెను. ఆమె 1860లో ఒహాయో రాష్ట్రమున బీదయింట పుట్టి, చిన్ననాడే తండ్రిని గోల్పోయి, వేటాడి యమ్మి యిల్లు నిలిపినది. తన్ను పందెమున నోడించిన యా చిన్నదానిని ఫ్రాంకు బట్లరు పెండ్లాడి, తాను వెనుకకు తగ్గి, జీవితమంతయు ఆమె ప్రదర్శనలు నడిపెను. 1926 నవంబరులో ఆమె గతింపగా, మూడువారములు తిరుగకముందే ఆయనయు గతించెను. ఆ యేడే స్కీటు అను మట్టిపిట్టల యాటకు పేరు పెట్టుమని పత్రికలో పోటీ పెట్టగా, మోంటానాలోని యొక గృహిణి సూచించిన పేరే నెగ్గి నూఱు డాలర్లు గెలిచినది. ఆ యాట మొదట చుట్టును తిరిగి కాల్చునదియట. ప్రక్కవాడు కోళ్లు పెంచ మొదలిడుటచే సగము వలయముగా కుదించిరట. 1992 బార్సిలోనా ఒలింపిక్సులో పురుషులతో కలిసి యాడి చైనా దేశపు జాంగ్ షాన్ స్కీటు స్వర్ణము గెలుచుకొనెను. తరువాతి ఒలింపిక్సులో స్త్రీల నాపోటీకి రానీయలేదు. 2000లో గాని వారికి వేఱు పందెము పెట్టలేదు. ఇది విని పొరుగింటి పెద్దమ్మ పెదవి విఱిచెను. మేమును విఱిచితిమి.

కారులో చీకటిపడిన పిదప మా మఱది “వదినా, ఆమెకు తండ్రి ముక్క అతికి ఇచ్చిన తుపాకి. మనది పందుల తుపాకి” అనెను. మా వారు “నీవు పుట్టకముందు ఆ పందులు తిన్న చేనే మనలను చదివించినది” అనిరి. అంతటితో నిరువురును మాటాడలేదు. ఇంటికి పోవునప్పటికి పిల్ల నిద్రించియుండెను. మా మఱది చాలసేపు ఆమె మంచము కడ నిలుచుండెను. అతని భయము న్యాయమైనదే. మాకు దానికి ప్రత్యుత్తరము లేదు.

మేము తిరిగివచ్చిన నాలుగవనాడు మా యత్తగారు తామే పెట్టె తెచ్చి హాలులో పెట్టిరి. మా వారు ముందుకఱ్ఱ ఊడదీసి, గొట్టములు విడదీసి, బడిలో పటములు చూచు భూతద్దముతో క్రిందిభాగము పరీక్షించిరి. ఏండ్ల నూనెజిడ్డు తుడువగా కిరీటముద్రలు కనబడినవి. వజ్రపుగీతలలో 12. దాని ప్రక్కన రెండున్నర. మిగిలిన తూటాలపెట్టె తీసి చూడగా అవియును రెండున్నర అంగుళములవే; మామగారికి తెలిసియే కొనినట్లున్నది. “ఇది బర్మింగ్‌హాములో పుట్టినది, అత్తయ్యగారూ” అని మేము చెప్పగా, ఆమె “అదే కదే అమ్మాయీ, మీ మామగారు బర్మింగామని ఎప్పుడూ అనేవారు. అమ్మినాయన పేరేమో అనుకున్నాను” అనిరి.

మడమకఱ్ఱ మెడయొద్ద రాగితీగ చుట్టియున్నది. ఎప్పుడు విఱిగినదో, ఎవరు చుట్టిరో మే మెన్నడును అడుగలేదు. ఆనాడడిగితిమి. చిన్నకొడుకు నాలుగేండ్లవాడై యుండగా మంచముక్రింద దానిని లాగి మెట్లపైనుండి జార్చెననియు, తండ్రి పిల్లవానికి దెబ్బ తగిలినదేమోనని పరుగెత్తెనే గాని తుపాకి వైపు చూడలేదనియు, ఆ నాటినుండి పెట్టెకు తాళము వచ్చినదనియు చెప్పిరి. మా వారు ఆ రాగితీగ ఫోటో తీసి తమ్మునికి పంపిరి. ఆ రాత్రి అతడు ఫోను చేసి తల్లితో చాలసేపు మాటాడెను, మాకు వినబడలేదు.

లైసెన్సు దరఖాస్తు మా బల్లపై నున్నది. ఆయుధము ఎందు నిమిత్తమో వ్రాయవలసినచోట మామగారు ‘పంటరక్షణ’ అని వ్రాసియుండిరి. మా వారు కలము పట్టుకొని కూర్చుండి, లేచి, మరల కూర్చుండిరి. “మీ నాన్నదని రాయరా” అని మా యత్తగారు వంటయింటినుండి కేకవేసిరి. గడువు కార్తికమాసము వఱకున్నది.